అక్షరాల్లేని పుస్తకం, ఆగని సైరన్

మొన్న మా మనుమరాలు బడి నుంచి ఒక బొమ్మల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అద్దాలు సవరించుకొని అటూ ఇటూ తిప్పిన, ఒక్క అక్షరం దొరకలే. "ఇందుల రాసి ఉండదు తాతా, మనమే చెప్పాలె" అన్నది, నాకేదో కొత్త సంగతి నేర్పుతున్నట్టు. నవ్వొచ్చింది. అంతల్నే నేను పుట్టి పెరిగిన బొగ్గుగనుల ఊరు బెల్లంపల్లి కండ్ల ముందటికొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది.

అప్పుడు నేను రెండో తరగతి. నిజాం రాజ్యం పోయి, ఉర్దూ చదువు పోయి తెలుగు చదువు వచ్చిన కొత్తలు. మా రేకుల బడిల తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి మాట్లాడే పిల్లలందరం ఒక్క చాప మీదనే. వాచకం తెరిస్తే సగం మందికి నిద్రొచ్చేది. అందుకని మా పంతులమ్మ, చర్చి మిషన్ వాళ్ళ దగ్గర దొరికిన, అక్షరాల్లేని బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చేది. ఆ బొమ్మలల్ల తప్పిపోయిన మేకపిల్ల కోసం ఒక పిల్ల అడివికి పోతది, అంతే. ఆ కథను ఎవరి భాషల వాళ్ళు చెప్పాలె. ఒకరి కథల మేకను పులి తింటే, ఇంకొకరి కథల మేకనే పులిని తరిమేది. పెద్దసారుకు మాత్రం ఇది చదువు లెక్క కనపడకపోయేది.

ఒకనాడు వేళ కాని వేళల గని సైరన్ మోగింది. మోగుతనే ఉన్నది, అంటే గనిల ఆపద వచ్చినట్టు. మా బాపులందరూ భూమి లోపల ఉన్నరు. పిల్లలం తలుపు దిక్కు ఉరికినం. పంతులమ్మ అడ్డం నిలబడ్డది. బయట ఆడోళ్ళు ఏడ్చుకుంట గని దిక్కు పోతున్నరు. ఆ గుంపుల పడితే మేము నలిగిపోతమని ఆమె భయం. మమ్మల్ని కూసోబెట్టి పుస్తకం తెరిచింది. బొమ్మల పిల్ల చీకటి అడివిల ఒక్కతే నిలబడ్డది. ఈ పిల్ల ఏం చేస్తుందని అడిగింది. ఎన్నడూ తెలుగుల నోరు తెరవని గోండు పిల్ల ఒకతి నా పక్క నుంచి మెల్లగ అన్నది:

"మేక కాదు. బాపును ఎతుకుతుంది."

పంతులమ్మ పేజీ తిప్పలే. "అయితే పిలువుండ్రి బిడ్డా. అందరం పిలుద్దాం" అన్నది.

ఎవరి భాషల వాళ్ళు తండ్రిని పిలిచినం. పిలుచుకుంట ఏడ్చినం. ఆ రేకుల కింద మా గొంతులకు సైరన్ వినపడకుంటైంది.

గనిల కప్పు కూలిందట. పొద్దుగూకంగ ఒక్కొక్కలే పైకొచ్చిండ్రు. కండ్లు తప్ప ఒళ్ళంత బొగ్గయిన మా బాపు తలుపు కాడికొచ్చి నన్ను ఎత్తుకున్నడు. గోండు పిల్ల తండ్రి కూడ వచ్చిండు. ఆఖరి పిల్లను అప్పగించినంక పంతులమ్మ చెప్పులు కూడ లేకుంట గని దిక్కు ఉరికింది. ఆమె పెనిమిటి కూడ లోపలనే ఉన్నడని మాకు అప్పుడు తెలిసింది. ఆయనను అందరికన్న వెనుక తెచ్చిండ్రు. పానం దక్కింది, ఒక కాలు దక్కలే.

ఆ రోజు ఆమె మాకు మస్తు పెద్దమనిషి లెక్క కనపడ్డది. ఇరవై రెండేండ్లు ఉంటయేమో. ఇప్పుడు నా వయసు నుంచి చూస్తే ఆమె కూడ చిన్నపిల్లనే.