ఎస్తేరు గారికి చేరని ప్రశ్న

అనంతగిరి రోడ్డు పక్కన కొత్తగా ఒక వడ్రంగి కొట్టు పెట్టారు. మొన్న బస్సు కోసం నిలబడితే లోపల ఎవరో సిల్వర్ ఓక్ చెక్కను చిత్రిక పడుతున్నారు. పచ్చి చెక్క వాసన రోడ్డు దాకా వచ్చింది. నేను నాలుగడుగులు అవతలికి జరిగి నిలబడ్డాను. ఆ వాసన నాకు పడక ఇరవై ఏళ్ళు దాటింది. ఎందుకు పడదో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఎస్తేరు గారు పోయి ఏడాది కావస్తోంది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు చాలామంది మాట్లాడారు. ఆవిడ ఓర్పు, నవ్వు, కొండలెక్కి తిరిగిన తిరుగుడు అన్నీ చెప్పారు. అన్నీ నిజమే. నన్నూ మాట్లాడమన్నారు. గొంతు బాగాలేదని తప్పించుకున్నాను. నాకు చెప్పాలని ఉన్నది ఒక్క సంగతే. అందులో నా తప్పుంది కాబట్టి ఆ సభకు అది సరిపడదనుకున్నాను.

తొంభైల చివర నేను ఇంటర్ చదివి ఖాళీగా ఉన్నప్పుడు మిషన్ ఆసుపత్రిలో ఆవిడ దగ్గర పనికి కుదిరాను. ఆవిడది గుంటూరు వైపు. తెలుగు తప్ప ఈ కొండల మాట రాదు. మా అమ్మ వైపు వాళ్ళు ఆదివాసీ ఒడియా మాట్లాడతారు గనుక, ఆవిడ మాట ఊళ్ళవాళ్ళకీ, ఊళ్ళవాళ్ళ మాట ఆవిడకీ చేరవేయడం నా ఉద్యోగం. ఆవిడ చేసేది ఆక్యుపేషనల్ థెరపీ. అదంటే ఏమిటో మా వైపు ఎవరికీ తెలియదు. నేను మొదటిరోజే అడిగితే, "పిల్లవాడు తినాలి, కూర్చోవాలి, ఆడుకోవాలి, చొక్కా తొడుక్కోవాలి. వీటిలో ఏది చేయలేకపోతున్నాడో చూసి, చేసుకునే దారి వెతకడం" అన్నారు. ఊళ్ళల్లో అందరూ డాక్టరమ్మ అని పిలిచేవారు. డాక్టర్ని కాదని ఆవిడ ప్రతి ఊళ్ళోనూ చెప్పేవారు. ప్రతిసారీ దాన్ని అనువదించడం నాకు విసుగ్గా ఉండేది. కొన్నిసార్లు వదిలేసేదాన్ని. అలా వదిలేయడం అక్కడే అలవాటైందని ఇప్పుడు అనిపిస్తుంది.

అనంతగిరి పైన ఒక చిన్న పల్లెలో బుద్రి అనే ఆమె కొడుకు సొన్ను. ఐదేళ్ళవాడు. పుట్టినప్పుడే మెదడుకు దెబ్బ తగిలింది. కాళ్ళు బిగుసుకుని కత్తెరలా ఒకదానిమీద ఒకటి పడేవి, మెడ నిలిచేది కాదు. వాణ్ణి ఒళ్ళో వెల్లకిలా వేసుకుని చోడి అంబలి, అంటే రాగి జావ, పోసేది బుద్రి. రెండు గుక్కలకోసారి పొలమారేది. ఆ ఏడాది రెండుసార్లు ఆయాసంతో ఆసుపత్రికి మోసుకొచ్చారు. రెండోసారి వాడు బతుకుతాడని మేమెవరమూ అనుకోలేదు. "మూడోసారి అంబలి ఊపిరితిత్తుల్లోకి పోతే మన చేతుల్లో ఉండదు" అన్నారు ఎస్తేరు గారు. సిల్వర్ ఓక్ చెక్కతో దగ్గరుండి కుర్చీ చేయించారు. వెనక రెండు పలకలు గోడమూలలా కలిసి ఉంటాయి, తొడల మధ్య కాళ్ళు విడిగా ఉండటానికి ఒక దిమ్మ, ముందు ఒక బల్ల.

ఆ కుర్చీలో వాడు మొదటిసారి తిన్న పూట బాగా గుర్తుంది. బుద్రి చెంచా పెడుతుంటే మేమంతా వాడి గొంతువైపే చూస్తున్నాం. అంబలి అయిపోయేదాకా దగ్గు రాలేదు. అప్పటికి ఘాట్ మీద మంచు దిగుతోంది. కింద జీపు డ్రైవర్ రెండోసారి హారన్ కొట్టాడు. బుద్రి నా చెయ్యి పట్టుకుంది. ఆమె అన్నది మా వైపు తెలుగులో రాస్తున్నాను.

"మేం కొండెక్కి పనికి పోతే ఈడు ఈ కుర్సీలోనే ఉండాలా సెల్లీ? ఎవులు సూస్తారు?"

"డాక్టరమ్మ చెప్పింది కదా. రోజూ కూర్చోబెట్టు, అంతే" అన్నాను.

"ఏమంటోంది?" అని అడిగారు ఎస్తేరు గారు, సంచి భుజాన వేసుకుంటూ.

"ఏం లేదు మేడమ్. సరేనంటోంది."

రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాం. వలిసె చేల కోతల రోజులు. పల్లెలో మనిషి అలికిడి లేదు. బుద్రి ఇంటి తడిక తలుపు బయటినుంచి తాడుతో కట్టి ఉంది. వెనక్కి తిరగబోతుంటే ఎస్తేరు గారు ఆగారు. గుడ్డ కాలుతున్న వాసన. ముడి గట్టిగా బిగిసి ఉంది. ఆవిడా నేనూ లాగినా ఊడలేదు. చివరికి తడికనే కాళ్ళతో తన్ని లోపలికి దూరాం.

సొన్ను కుర్చీలోనే ఉన్నాడు. జారిపోకుండా ఛాతీ చుట్టూ తువ్వాలు కట్టి ఉంది. చలికి వెచ్చగా ఉంటుందని కుర్చీని పొయ్యి పక్కన పెట్టారు. కాలుతున్న కట్టె ఒకటి బయటికి దొర్లి, వాడి కాళ్ళమీద కప్పిన దుప్పటి అంచు రాజుకుంటోంది. వాడు ఏడవడం లేదు. గట్టిగా ఏడ్చేంత ఊపిరి వాడికి లేదు. కళ్ళు మాత్రం మంటనే చూస్తున్నాయి. ఎస్తేరు గారు ఉత్త చేతులతో దుప్పటి లాగేశారు. నేను కుండలో నీళ్ళు తెచ్చి పోశాను. కుడి పాదం మీద బొబ్బ లేచింది. అంతవరకే.

మా కేకలు విని పై చేలోంచి బుద్రి, ఆమె అత్త పరుగున వచ్చారు. పిల్లవాణ్ణి లాక్కుని ముసలామె మొదలుపెట్టింది. "మా ఈపు మీద ఉన్నన్నాళ్ళూ ఈడికి ఏటీ అవనేదు. మీ కర్రముక్క వొచ్చి కాల్సింది. కుర్సీ అంట, కుర్సీ. పొయ్యిలో ఎడతాను."

ఎస్తేరు గారికి భాష అక్కర్లేకుండానే అర్థమైంది. "తప్పు నాదని చెప్పు. పొద్దున్నే వీళ్ళెక్కడికి వెళ్తారో అడగకుండా కుర్చీ ఇచ్చానని చెప్పు" అన్నారు నాతో. నేను చెప్పాను. తప్పు డాక్టరమ్మదేనని నా నోటితోనే చెప్పాను.

బుద్రి ఆవిడ వంక చూడలేదు. నా వంకే చూసింది. "నాను అడిగినాను కదా సెల్లీ" అంది, మెల్లగా.

"ఏమంటోంది?"

ఆ గదిలో రెండు భాషలూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఏం చెప్పినా ఆవిడ నమ్మేవారు. ఆవిడ మందుల సంచి విప్పుతూ నా వైపు చూశారు.

"ఆ రోజే అడిగింది మేడమ్. వాళ్ళు కొండకు పోతే వీణ్ణి ఎవరు చూస్తారని. నేను మీకు చెప్పలేదు."

ఆవిడ ముఖంలో ఏమైనా మారిందేమో నాకు తెలియదు. నేను చూడలేదు. పాదానికి మందు రాసి గుడ్డ చుట్టడం పూర్తయ్యాక, "ఆ ప్రశ్న ఇప్పుడు మళ్ళీ అడగమను" అన్నారు. బుద్రి అడిగింది. ఈసారి మాటకు మాట చెప్పాను. ఆవిడ కొంత ఆలోచించి, "నాకు తెలియదు. ఇన్నాళ్ళూ వీళ్ళెలా చూసుకున్నారో చూపించమను" అన్నారు.

బుద్రి పాత చీరతో వాణ్ణి వీపున కట్టుకుంది. వాడి కాళ్ళు ఆమె నడుముకు అటొకటి ఇటొకటి విడిపోయాయి. ఎస్తేరు గారు తొడలు తడిమి చూశారు. బిగుతు సడలుతోంది. "నేను దిమ్మ పెట్టి చేయించిన పని ఈవిడ ఐదేళ్ళుగా నడుముతో చేస్తోంది" అన్నారు. తర్వాత నేలమీద గోడకు ఆనుకుని కూర్చుని, వాణ్ణి తన మోకాళ్ళ మధ్య నిటారుగా కూర్చోబెట్టుకుని, గడ్డం కొంచెం కిందికి వంచి నీళ్ళు పట్టారు. పొలమారలేదు. "ఇలా అయితే పొలంలోనూ పెట్టొచ్చు. పడుకోబెట్టి మాత్రం వద్దు." ముసలామె దూరంనుంచే చూసింది. చివరికి, "నానూ ఎడతాను, సూపించు" అంది.

కుర్చీని జీపులో వెనక్కి తెచ్చేశాం. ఘాట్ దిగుతున్నంతసేపూ ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆసుపత్రి దగ్గర దిగాక ఆవిడ అన్నారు, "వాళ్ళ ప్రశ్న నీది కాదు కమలా. దాచుకోవడానికి గానీ, పారేయడానికి గానీ. రేపు ఎనిమిదింటికి రా."

పదకొండేళ్ళు ఆవిడ దగ్గర పనిచేశాను. ఆ సంగతి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. సొన్ను బతికాడు. పద్నాలుగో ఏట తన చేత్తో తాను తినడం చూశాను. గంట పట్టింది, సగం కింద పోయింది. ముసలామె పక్కన కూర్చుని, "ఈ గుంటడు తినీసరికి మళ్ళీ రాత్రి కూడుకి యేళవుద్ది" అని వేళాకోళమాడింది.

పోయిన నెల అరకు సంతలో బుద్రి కనిపించింది. ఎస్తేరు గారు పోయారని ఆమెకు తెలియదు. చెప్పాను. చేతిలో అల్లం కింద పెట్టేసింది. "ఆకరున ఆయమ్మ కాడ ఎవులన్నా ఉన్నారా సెల్లీ?" అంది.

నాకు తెలియదు. కూడికలో అంతసేపు కూర్చుని కూడా ఆ సంగతి అడగలేదు. ఉండే ఉంటారు అనేద్దామనుకున్నాను, బస్సుకు టైమవుతోంది. అనలేదు. కనుక్కుని చెబుతానన్నాను.

ఇంటికెళ్ళి గుంటూరు ఫోన్ చేశాను. ఎస్తేరు గారి తమ్ముడి కూతురు మాట్లాడింది. ఆఖరి పూట తనే పక్కనుందట, దిండ్లు ఎత్తుగా పెట్టి నిటారుగా కూర్చోబెట్టి కాస్త గంజి పట్టిందట. మళ్ళీ సంత దాకా ఆగబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, ఆ పల్లెకు నడిచి వెళ్ళి, విన్నది విన్నట్టు బుద్రికి చెప్పి వచ్చాను.