రత్నమ్మగారు నొక్కిన మీట

వీడియో గేము ఆడే జాయ్‌స్టిక్ కర్ర మొదట్లో ఉండే రబ్బరు పాతబడితే ఒక రకం జిగురు పడుతుంది. అరచేతికి అంటుకుంటే కిరసనాయిలుతో తుడిస్తే తప్ప వదలదు. వాసన మాత్రం దానికీ వదలదు. మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి, షాపులో విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నప్పుడు కాలేజీ కుర్రాడొకడు అలాంటిదొకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. పాతకాలపు వీడియో గేముల పెట్టె ఎక్కడో కొన్నాడట. దానికంటే పాత జాయ్‌స్టిక్ ఇంకెక్కడో దొరికిందట. "ఇది దానికి పనిచేస్తుందా అంకుల్?" అన్నాడు. చేతిలోకి తీసుకుని కర్రను నాలుగు వైపులా వంచాను. లోపల రేకులు టిక్కుటిక్కుమన్నాయి. ఆ చప్పుడుకి నా బొటనవేలు దానంతట అదే ఎర్ర మీట మీదికి వెళ్ళింది. "పనిచేస్తుంది బాబూ, కానీ సగమే," అన్నాను. విప్పి చూడకుండానే ఎలా చెప్పానా అని వాడు నా వంక గౌరవంగా చూశాడు. చూడనిచ్చాను. ఈ వయసులో ఊరికే వచ్చే గౌరవాన్ని ఎవరు కాదంటారు? వాడు వెళ్ళాక చాలాసేపు ఆ జిగురు చేత్తోనే కూర్చుండిపోయాను. రత్నమ్మగారు గుర్తొచ్చారు.

రాజోలులో నా రేడియో షాపు అప్పటికి కొత్త. తొమ్మిదో తరగతికీ నాకూ పడలేదు. అది అక్కడే ఉండిపోయింది, నేను బయటికొచ్చేశాను. ఆ తరువాత చదువంటూ ఏమైనా అబ్బితే అది షాపు బల్లకి అవతల కూర్చున్నవాళ్ళ దగ్గరే. వాళ్ళలో ఎక్కువమంది తిట్టి నేర్పారు. రత్నమ్మగారు మాత్రం అలిసిపోయి నేర్పారు. ఎనభైల చివర్లో, ఒక ఎండాకాలం మాట ఇది. అప్పటికే మా వైపు నుంచి ఆడవాళ్ళు కువైట్ వెళ్ళడం మామూలైపోయింది. అక్కడి ఇళ్ళల్లో వంట, పిల్లల పని. భర్త పచ్చకామెర్లతో పోయాక, నడక కూడా సరిగా రాని కొడుకును అత్తగారి ఒళ్ళో పెట్టి రత్నమ్మగారు వెళ్ళారు. అక్కడ ఆవిడ పనిచేసే ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి సెలవివ్వలేదు. ఆ కొడుకు, ప్రభు, అయిదో తరగతి పూర్తిచేశాక మొదటిసారి వచ్చారు. బడులు తెరిచేలోగా తిరిగి వెళ్ళిపోవాలి.

రిక్షాలోంచి నైలాను తాడు కట్టిన అట్టపెట్టె దింపించుకుని షాపులోకి వచ్చారు. మనిషి బక్కగా, నిద్రలోంచి లేపితే లేచివచ్చినట్టున్నారు.

"చిట్టిబాబు గారంటే మీరేనాండీ?"

"ఆయ్, నేనేనండీ. చిట్టిబాబు పాతదే, గారు మాత్రం ఇప్పుడే మీరు తగిలించేరు."

ఆవిడ నవ్వలేదు. నవ్వడానికి కూడా కాస్త ఓపిక మిగలాలి. పెట్టె విప్పి చూపించారు. ఆవిడ పనిచేసే ఇంట్లో పిల్లలు ఆడి ఆడి వదిలేసిన వీడియో గేము. దాంతోపాటు వచ్చిన చేతిమీటలు వాళ్ళు విరగ్గొట్టేశారట. సామాన్ల గదిలో అంతకుముందటి గేము తాలూకు పాత జాయ్‌స్టిక్కులు కనబడ్డాయి. "పిన్ను చూస్తే అదే పిన్నండీ. పెడితే పట్టింది. పట్టింది కదాని అడిగి తెచ్చేసుకున్నాను. మా వాడి కోసం," అన్నారు.

"పట్టిన ప్రతి పిన్నూ పనిచేసేస్తే నాలాంటోళ్ళకి కూడేదండీ?" అన్నాను.

"అలాగనకండి. ఇది పనిచెయ్యాలి," అన్నారు. బతిమాలినట్టు కూడా లేదు, దేవుడికి చెప్పినట్టుంది.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. కాలవ పక్కన పెంకుటిల్లు. ఆవిడ తెచ్చిన చిన్న కలర్ టీవీని చర్చి క్యాలెండరు కింద బల్ల మీద పెట్టారు. అత్తగారు సామ్రాజ్యమ్మగారు గుమ్మంలో పీట వేసుకుని ముంజలు ఒలుస్తున్నారు. ప్రభు తలుపు చాటున ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు, కొత్త చుట్టాలొస్తే పిల్లలు నిలబడతారే, అలాగ. తల్లి మంచినీళ్ళు కావాలా అంటే "వద్దండీ" అన్నాడు. దగ్గరికి రమ్మంటే "పర్వాలేదండీ" అన్నాడు. మర్యాదకి మా వైపు పెట్టింది పేరే. అయినా కన్నతల్లికి అంత మర్యాద చేసే పిల్లాణ్ణి నేనదే చూడడం. ఆవిడ కూడా ఆ మర్యాదను, అరబ్బుల ఇంట్లో పింగాణీ కప్పులు అందుకున్నంత జాగ్రత్తగా అందుకుంటున్నారు.

గేము పెట్టాను. తెర మీద ఎర్రచొక్కా మనిషి ఒకడొచ్చాడు. కర్ర వంచితే పరిగెత్తాడు. జాయ్‌స్టిక్ మీదున్న ఎర్ర మీట నొక్కితే గోతుల మీంచి దూకాడు. ప్రభు రెండో కాలు కూడా నేల మీద పెట్టాడు. ఇంతలో తెరకి అడ్డంగా ఒక రాయి వచ్చింది. దాన్ని గుద్ది పగలగొడితేనే దారి. వాడు దూకుతాడే గాని గుద్దడు. ఎంత నొక్కినా అంతే. అప్పుడర్థమైంది నాకు. ఆ పెట్టె సొంత చేతిమీటలకి రెండు మీటలుంటాయి, ఒకటి దూకడానికి, ఒకటి గుద్దడానికి. పాత జాయ్‌స్టిక్కుకి ఉన్నది ఒక్కటే. గుద్దు దీని పుట్టుకలోనే లేదు.

"వీడు మా వార్డు మెంబరు లాంటోడండీ. గెంతుతాడు గాని పని జరగదు," అన్నాను. సామ్రాజ్యమ్మగారు ఒక్కరే నవ్వారు. ప్రభు కాసేపు చూసి, "బాగుందండీ," అని తల్లితో చెప్పి, చెప్పులేసుకుని కాలవ వైపు వెళ్ళిపోయాడు.

రత్నమ్మగారు జాయ్‌స్టిక్కును పైటకొంగుతో తుడిచారు. దుమ్మేమీ లేదు దాని మీద.

"పిల్లాడికి నచ్చిందంట కదండీ," అన్నాను, ఏదో ఒకటి అనాలి కనక.

"నచ్చలేదని మొహమ్మీద కొడితే బాగుండును తమ్ముడూ. నచ్చిందన్నాడు," అన్నారు.

ఆ మాటతో పాటు జాయ్‌స్టిక్కులు రెండూ పట్టుకుని షాపుకి తిరిగొచ్చాను. ఒకదాని పిన్ను విప్పి చూస్తే ఒక కాలికి అసలు తీగే లేదు. గుద్దు వెళ్ళాల్సిన దారి అదే. దాని నుంచి ఒక తీగ, పక్కదాని నుంచి ఒక తీగ బయటికి లాగి, చివర నొక్కుడు మీట ఒకటి అతికించాను. ఆ పూట షాపులో ఉన్న నొక్కుడు మీట కాలింగ్ బెల్‌ది ఒక్కటే, తెల్లటిది, గుండ్రంది. తీసుకెళ్ళి ఇస్తే రత్నమ్మగారు తిప్పి తిప్పి చూశారు.

"ఇది కాలింగ్ బెల్లు మీట కదా?"

"ఆయ్. మనిషిని పిలవడానికైనా రాయిని పగలగొట్టడానికైనా మీట మీటేనండీ."

అప్పుడు నవ్వారు, మొదటిసారి. "అక్కడ గదికొకటి ఉంటది తమ్ముడూ. వాళ్ళు నొక్కుతారు, నేను పరిగెడతాను. నేను నొక్కడం ఇదే," అని ఉత్తినే నొక్కి చూశారు.

కానీ పాత జాయ్‌స్టిక్కు ఒక చేతి పని కాదు. అడుగుదిమ్మ ఒక చేత్తో ఒడిసిపట్టాలి, కర్ర ఇంకో చేత్తో తిప్పాలి. మూడో చెయ్యుంటే గాని బెల్లు మీట నొక్కలేడు. ప్రభు మోకాలితో నొక్కాడు, మడమతో నొక్కాడు, ఆఖరికి గడ్డంతో కూడా నొక్కాడు. ఇలా కాదని నేను చాప మీద కూర్చుని నొక్కుతూ పోయాను. వాడు తిప్పుతాడు, నేను గుద్దుతాను. ఒకే మనిషిని ఇద్దరం నడపడం! రాయి పగిలిన ప్రతిసారీ వాడికి నవ్వొస్తోంది. అయితే నాకు షాపుంది. "నేనింక వెళ్ళాలిరా, బేరాలు పోతాయి," అని లేచాను. వాడు నాయనమ్మ వైపు చూశాడు. ఆవిడ చేతులకి ముంజల జిగురు. ఇక మిగిలింది చాప అంచున కూర్చున్న మనిషే.

"నేను నొక్కనా?" అన్నారు రత్నమ్మగారు.

"మీ ఇష్టమండీ," అన్నాడు.

నేను గేటు దగ్గర సైకిలు స్టాండు తీస్తుంటే లోపలి మాటలు వినబడుతున్నాయి. "ఇప్పుడు నొక్కండి." కాసేపటికి, "కొంచెం ముందు నొక్కాలండీ." ఇంకాసేపటికి, "అయ్యో, దాటిపోయిందండీ." ఆ తరువాత ఒక్కసారిగా పెంకులెగిరిపోయేలాగ కేక.

"నొక్కు! నొక్కవే! అబ్బా, పోయేడు! ఎప్పుడూ ఇంతే నువ్వు, అంతా అయిపోయేక నొక్కుతావు!"

సామ్రాజ్యమ్మగారు ముంజల కత్తి పట్టుకునే లేచారు. "ఒరే, ఏంటా నోరు? అమ్మనా అలాగంటున్నావు?"

"అననివ్వండి అత్తయ్యగారూ," అన్నారు రత్నమ్మగారు. "మీరు కాసేపు మాట్లాడకండి. మొదట్నించీ పెట్టరా. ఎప్పుడు నొక్కాలో చెప్పు."

"చెప్పాలా? కళ్ళు కనబడట్లేదా నీకు?"

"కనబడట్లేదురా. నువ్వే చెప్పు."

కళ్ళు కనబడని మనిషి కాదావిడ. నేను గేటు దగ్గరుండగానే, గుమ్మంలోంచి నా చొక్కా జేబుకి ఊడిన గుండీ చూసి, కుట్టిచ్చుకోమని చెప్పిన మనిషి. నేను సైకిలెక్కకుండా కొంతదూరం నడిపించుకుంటూ వెళ్ళాను.

ఆ ఎండాకాలమంతా మధ్యాహ్నాలు అటువైపు వెళితే ఆ ఇంట్లో తగువు వినబడేది. ఆవిడ ఆలస్యంగా నొక్కడం, వాడు అరవడం. అరిచి అరిచి గొంతెండితే మంచినీళ్ళు తెమ్మని ఆవిడకే చెప్పేవాడు, ఆవిడ తెచ్చేవారు. ఒకసారి తొంగిచూస్తే తల్లి గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది, బొటనవేలు మీట మీదే ఉంది. వాడు గేము ఆపి, టీవీ గొంతు తగ్గించి, కదలకుండా కూర్చున్నాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టాడు. నేను అక్కడ ఏమీ వెటకారం ఆడలేదు. నా జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ.

నాకు మాత్రం పని సగంలో వదిలినట్టు మనసులో పీకుతూనే ఉంది. ఆవిడ తెచ్చిన రెండో జాయ్‌స్టిక్ నా దగ్గరే ఉంది. దాని దిమ్మకి పక్కన చిన్న బెజ్జం పెట్టి, చక్కటి చిన్న మీట కూర్చాను. బొటనవేలు దూకుడికి, చూపుడువేలు గుద్దుకి. ఒక్కడే హాయిగా ఆడుకోవచ్చు. అంత నాజూకు పని అంతకుముందు చెయ్యలేదు నేను. ఆవిడ ప్రయాణానికి బట్టలు సర్దుకుంటున్న రోజున, మెచ్చుకుంటారని తీసుకెళ్ళాను. రత్నమ్మగారు అరుగు మీదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, దాన్ని అందుకున్నారు. మీట నొక్కి చూశారు. చాలా బాగుందన్నారు. మళ్ళీ నా చేతిలో పెట్టేశారు.

"ఇది వాడికివ్వకు తమ్ముడూ."

"అదేంటండీ! మీరెళ్ళిపోయేక వాడికి నొక్కేదెవరు?"

"అందుకే చెబుతున్నాను. నీ పనికి వంక పెట్టడం కాదు. వాడంతట వాడొచ్చి, ఒక్కణ్ణే ఆడుకునేలా చేసిపెట్టమని అడిగితే ఇచ్చెయ్యి. పాపం, ఆడుకోవాలి కదా. అడక్కపోతే ఇవ్వకు. నేను మళ్ళీ వచ్చినప్పుడు అడిగేడో లేదో నాకు చెప్పు, చాలు."

"అడిగితే?"

"అడిగితే ఏముంది? పిల్లాడు పెద్దోడయ్యేడనుకుంటాను," అన్నారు. అంటూ అరుగు మీద కూలబడ్డారు. అంత అలసట ఒక మనిషి భుజాల మీద నేను అంతకుముందు చూడలేదు. నా నాజూకు పనిని సంచిలో వేసుకుని వచ్చేశాను. ఆవిడ ఎక్కిన బస్సు షాపు ముందునుంచే వెళ్ళింది. ప్రభు బస్సు స్టాండు నుంచి నాయనమ్మ పక్కన నడిచి వచ్చాడు.

వానలు పడ్డాయి, బడులు తెరిచారు. జాయ్‌స్టిక్ నా సొరుగులోనే ఉంది. ప్రభు సైకిలు మీద షాపు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా, ఆగుతాడేమోనని చేతిలో పని ఆపి చూసేవాణ్ణి. ఆగకూడదని నేనే కోరుకుంటున్నానని ఒకనాడు నాకే తెలిసింది. ఒక సాయంత్రం తడిసిన పుస్తకాల సంచీతో రానే వచ్చాడు. సంచీలోంచి జాయ్‌స్టిక్ తీసి బల్ల మీద పెట్టాడు. బెల్లు మీట తీగ తెగి వేలాడుతోంది. నా చెయ్యి సొరుగు మీదికి వెళ్ళింది.

"ఏం కావాలిరా?" అన్నాను.

"తెగిపోయింది మావయ్యగారూ. నాయనమ్మ లాగేసింది."

"నాయనమ్మా? ఆవిడా నొక్కుతున్నది?"

"ఇంకెవరున్నారండీ? బొత్తిగా రాదావిడకి. గోతిలో పడ్డప్పుడు గుద్దుతాది, రాయొస్తే ప్రభువా అంటాది. అమ్మే నయం." తల తుడుచుకుని, "గట్టిగా అతకండి. మళ్ళీ తెగకూడదు," అన్నాడు.

సొరుగు మీంచి చెయ్యి తీసేశాను. ఆ తీగను అతికినంత గట్టిగా నేను ఆ షాపులో ఇంకేదీ అతకలేదు.

రత్నమ్మగారు మళ్ళీ వచ్చేసరికి చాలాకాలమైంది. ప్రభుకి మీసాలు వస్తున్నాయి, గేము ధ్యాస పోయింది. బస్సు దిగి, ఇంటికి వెళ్ళబోతూ, పెట్టెలు రిక్షాలో ఉంచి షాపు మెట్లెక్కారు. నేను కూర్చోమన్నాను. ఏమీ అడగలేదావిడ. నేనే చెప్పాను.

"అడగలేదండీ. ఒక్కసారి కూడా అడగలేదు."

"ఆయ్," అన్నారు. అంతే. ఇచ్చిన మంచినీళ్ళు తాగి, కాసేపు బల్ల మీద తల వాల్చుకుని, తరువాత లేచి రిక్షా ఎక్కారు. ఇంకా ఎన్నో ఏళ్ళు వెళుతూనే ఉన్నారు, మోకాళ్ళు పట్టేసి ఇక మెట్లెక్కలేని రోజు వచ్చేదాకా. పోయే ముందు కొన్నాళ్ళు మంచం మీదున్నప్పుడు ప్రభు తిట్టుకుంటూ మందులేసేవాడని ఊళ్ళో అన్నారు. ఆ తిట్లెలాంటివో నాకు తెలుసు.

ఇప్పటికీ షాపుకి ఏ వస్తువొచ్చినా, స్క్రూడ్రైవరు తీసేముందు, ఇంట్లో దీన్ని ఎవరెవరు వాడతారండీ అని అడుగుతాను. తాతకి కళ్ళు సరిగా ఆనవని మనవరాలు పక్కన కూర్చుని స్టేషను పట్టిచ్చే రేడియో తెస్తారు, ఎవరూ ముట్టుకోకుండా దానంతట అదే స్టేషను పట్టేలా చెయ్యమంటారు. చెయ్యడం పెద్ద పని కాదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే వాడండి, మరీ ఇబ్బందైతే తెద్దురుగాని, అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు ముసలాడికి పని చేతకావడం లేదని పక్క షాపుకి పోతారు. వచ్చిన బేరాలు వెళ్ళగొడుతున్నానని మా ఆవిడ రోజూ తిడుతుంది. తిట్టనిస్తాను.