బాపు ఫోను మోగని రెండు నెలలు

మా బాపు జహనుమాలో ఒక చిన్న గుడికి పూజారి. ఇల్లు గడిచేది మాత్రం వ్రతాలతో, గృహప్రవేశాలతో. పిలిచేవాళ్లంతా ఒకప్పుడు మా గల్లీలో ఉండి, బహదూర్‌పురాకో ఇంకా దూరానికో వెళ్లిపోయిన కుటుంబాలే. ఏ శుభకార్యమున్నా ముందు బాపుకు ఫోన్ చేసి ముహూర్తం అడిగేవాళ్లు. ఆ ఏడు మాత్రం శ్రావణం వచ్చింది, పోయింది, ఫోను మోగలేదు.

పొద్దున అభిషేకం ముగించుకుని వచ్చి, ఫోను ముందు పెట్టుకుని కూర్చునేవాడు. రెండు నెలలు అలా చూసి చూసి, ఒకరోజు పంచాంగం, గంట ఉన్న సంచిని మేకుకు తగిలించేశాడు.

"కొత్త పంతుళ్లు వచ్చిండ్రు బిడ్డా. ఇంగ నాతోని ఎవ్వరికి పని లేదు" అన్నాడు.

నువ్వే ఒకసారి చేసి కనుక్కోరాదా అన్నాను. ఇంతెత్తున లేచాడు. పిలవందే ఎవరి గడపా తొక్కకూడదు, పనుందా అని నోరు తెరిచి అడగకూడదు. మా తాత నాటి నుంచీ అది ఇంటి నియమం.

అసలు సంగతి ఆ మర్నాడు ఆఫీసులో తెలిసింది. ఆలస్యమవుతుందని చెబుదామని బాపుకు ఫోన్ చేస్తే, ఈ నంబరుకు ఇన్‌కమింగ్ సౌకర్యం లేదని ఒక ఆడగొంతు తీరిగ్గా చెప్పింది. ఒకే ఇంట్లో ఉంటాం కదా, ఆయనకు నేను ఫోన్ చేసి ఎన్నాళ్లయిందో.

తప్పులో సగం నాదే. ఎండాకాలంలో ధరలు పెరిగినప్పుడు రీచార్జ్ వద్దన్నాడు. తనది లైఫ్‌టైం సిమ్మట, చేసేవాడు కట్టుకుంటాడట, ఎత్తేవాడికి ఖర్చేమిటట. ఒకప్పుడు అది నిజమే. ఇప్పుడు చెల్లదని ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే నాకైనా తెలియాలి కదా. ఒక ఖర్చు తగ్గిందని లోలోపల సంతోషించి ఊరుకున్నాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆ సాయంత్రమే గల్లీ చివర ఫోన్ల దుకాణం భాయ్ దగ్గరికి పరుగెత్తాను. ఇంకో నెల వదిలేస్తే నంబరు వేరేవాళ్లకు పోయేదని ఆయన అన్నాడు. ఆ నంబరు ఎన్ని ఇళ్లలో పూజగది తలుపు వెనక బాల్‌పెన్నుతో రాసి ఉందో తలచుకుని వెంటనే పర్సు తీశాను. ముందు పాత కంపెనీలోనే చిన్న రీచార్జ్ చేయించి దానికి ప్రాణం పోశాం. అందులో నెలనెలా కట్టడం మా వల్ల కాదు. నంబరు అదే ఉంచి కంపెనీ మార్చుకోవచ్చన్నాడు భాయ్. నేను రోజువారీ డేటా ఏది ఎక్కువిస్తుందో చూస్తుంటే నవ్వాడు.

"డేటాతోని పంతులుగారికి ఏం పనమ్మా? సిగ్నల్ గుడి లోపల రావాలె. ముందు గా సంగతి చూడు."

సరే అని, ఏ కంపెనీ సిగ్నల్ లోపలికి వస్తుందో చూద్దామని శనివారం గుడికి వచ్చిన భక్తుల ఫోన్లు అడిగి తీసుకున్నాను. అవి రాతి గోడలు. ఒక ఫోను సిగ్నల్ గడప దాటగానే చచ్చిపోయింది, ఇంకోటి మండపం దాకా వచ్చి ఆగింది. దేవుడి ముందు ఈ లొల్లి ఏందని బాపు గొణిగాడు. చివరికి గుడి ముందు పూలమ్మే ఆవిడ పాత డబ్బా ఫోను గర్భగుడి పక్కన కూడా మోగింది. ఆవిడ కంపెనీలో కాల్స్ మాత్రమే ఉన్న ప్లాన్, నాలుగు కొబ్బరికాయల ఖరీదు. నంబరు మారదు కదా అని బాపు రెండుసార్లు అడిగి, ఒప్పుకున్నాడు.

వారం రోజుల్లో కంపెనీ మారింది. అయినా ఫోను మోగలేదు. ఇన్నాళ్లు కలవకపోతే మళ్లీ ఎవరు ప్రయత్నిస్తారు? ఈ ప్లాన్‌లో మనం ఎన్ని కాల్స్ చేసినా ఉచితమే అని బాపుకు చెప్పాను. ఆయన చాలాసేపు ఫోను చేతిలో తిప్పి, బహదూర్‌పురాలో ఒక ఇంటికి తానే చేశాడు. నా పెళ్లప్పుడు కూడా ఎవరికీ తానుగా ఫోన్ చేయని మనిషి.

"పనుందా అని అడుగుతలేనమ్మా. నా నంబరు నడుస్తుందని చెప్తున్న, గంతే" అన్నాడు.

అవతలి నుంచి ఆ ఇల్లాలి గొంతు నాక్కూడా వినిపించింది. "పంతులుగారూ, మస్తుసార్లు చేసినం. కలవకుంటే, మీరు లేరేమో అనుకున్నం."

బాపు కళ్లు తుడుచుకున్నాడు. నా కన్నీళ్లూ ఆగలేదు.

"ఉన్న బిడ్డా, ఉన్న" అంటూనే, మేకు మీది సంచి తీయమని నాకు చేత్తో సైగ చేశాడు.