శుక్రవారం పొగ

ఆబిడ్స్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేసే భాగ్యకు తన ఒళ్ళే శత్రువు. ఒంటికి కాపలా కాయాల్సిన మాస్ట్ కణాలు కాస్త పొగకూ, ఎండకూ కూడా దొంగలు పడ్డట్టు రెచ్చిపోతాయి. దద్దుర్లు లేస్తాయి, గొంతు బిగుస్తుంది. అలర్జీ మాత్ర వేసుకోనిదే నాంపల్లిలోని తన ఇల్లు దాటదు. మాత్ర మత్తుకు ఆవలిస్తే బద్ధకమంటారు, దద్దుర్లు కనిపిస్తే అంటుకుంటాయని పక్కకు జరుగుతారు.

సాంబ్రాణి పడదని యజమానురాలు కోటేశ్వరమ్మకు ఎన్నిసార్లు చెప్పిందో. ఆ శుక్రవారం కూడా పొగ వేసే మనిషి వచ్చాడు. చూస్తుండగానే భాగ్య కనురెప్పలు, పెదవులు ఉబ్బాయి.

"దిష్టి తగిలిందే పిల్లా," అంది కోటేశ్వరమ్మ జాలిగా. "నాయనా, దీని మొహానికి బాగా పట్టించు."

అతను దగ్గరికొచ్చి విసనకర్రతో పొగ విసిరాడు. భాగ్య తన సీసాలోని నీళ్ళు నిప్పుల మీద కుమ్మరించింది.

"శుక్రవారం పూట నిప్పు ఆర్పుతావా?" కోటేశ్వరమ్మ లెంపలు వేసుకుంది.

"శుక్రవారం పూట నా పానం పోతే మంచిదా అమ్మా? పొగ పడదని ఎన్నిసార్లు జెప్పిన. ఒక్కసారన్న ఇన్నరా మీరు?"

సీసాలో మిగిలిన గుక్కెడు నీళ్ళతో ఇంకో మాత్ర మింగి, భాగ్య బయటి మెట్ల మీదికొచ్చి ఊపిరి పీల్చుకుంది. లోపలి నుంచి కోటేశ్వరమ్మ గొంతు వినిపించింది.

"కొత్త నిప్పులు వెయ్యి నాయనా. దిష్టి గట్టిదే."