మొక్కు కాదు, ఇష్టం

మా సరోజిని వదిన జుట్టుకి నీలం రంగు ఎందుకు వేయించుకుందని ఇంకొక్కరు అడిగితే నేను ఊరుకోను. అడిగేవాళ్ళు కూడా ఎక్కడో నిలబడి అడగరు. నా షాపులోనే, నా కౌంటరు మీదే మోచేతులు ఆనించి, నా దగ్గరే నల్లరంగు ప్యాకెట్టు కొనుక్కుంటూ అడుగుతారు. నా మంటంతా అందుకే.

షాదీపూర్ మలుపులో నాదొక ఫ్యాన్సీ షాపు. గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలతో పాటు జుట్టుకేసుకునే రంగు కూడా అమ్ముతాను. ఇక్కడి మన తెలుగువాళ్ళలో యాభై దాటిన మగవాళ్ళ మీసాలు ఎవరివి దేవుడిచ్చిన నలుపో, ఎవరివి నా షాపు ఇచ్చిన నలుపో నాకు తెలిసినట్టు వాళ్ళ పెళ్ళాలకి కూడా తెలియదు. వాళ్ళలో ఒక్కరినైనా ఇంతవరకూ ఎవరూ ఎందుకని అడగలేదు.

వదిన అంటే మా అన్నయ్య ధనరాజు భార్య. పుట్టింది ఫెరార్గంజ్‌లో, కాపురం హాడోలో. మా తాతలు శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి ఓడెక్కి ఈ దీవులకి వచ్చినవాళ్ళు. మేమంతా ఇక్కడే పుట్టి, ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ మాట్లాడుతూ పెరిగాం. అన్నయ్య హార్బరులో టగ్గు మీద పనిచేస్తాడు. పెద్ద ఓడల్ని లాక్కొచ్చి రేవుకి ఆనించే చిన్న ఓడ అది. వదిన రేవు గేటు బయట క్యాంటీన్ నడుపుతుంది. పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, చేపల పులుసు. యాభైకి దగ్గరపడింది. ఇంతకాలం పొయ్యి దగ్గర నిలబడి జనానికి వండి పెట్టిందే తప్ప, తన కోసం ఫలానాది కావాలని అడగ్గా నేను వినలేదు.

ఒకరోజు ఆ క్యాంటీన్‌కి ఒక టూరిస్టు పిల్ల వచ్చింది. జుట్టు నిగనిగలాడే వంకాయ రంగు. వదిన ఆ పిల్లకి అడక్కుండానే మళ్ళీ పులుసు పోసి, జుట్టు ఒకసారి ముట్టుకోవచ్చా అని అడిగిందట. ముట్టుకుంది. ఆ వారం సెలవురోజున చక్కగా తలస్నానం చేసి, భాను పార్లరులో కూర్చుంది. భాను నలుపంతా పోగొట్టి, పైన నీలం పట్టించింది. లేత నీలం కాదు, ముదురు నీలం కాదు, ఎండ పడినప్పుడు జెట్టీ దగ్గర నీళ్ళుంటాయే, ఆ రంగు. పార్లరులోంచి నేరుగా నా షాపుకొచ్చి కొంగు తీసింది.

"ఎలగుంది సాయిలక్ష్మీ?" అంది.

కౌంటరు వెనకనుంచి వచ్చి చుట్టూ తిరిగి చూశాను. తర్వాత బాగుందన్నాను. నిజంగానే బాగుంది. చిన్నపిల్లలా నవ్వింది. అద్దంలో చూసుకుని మళ్ళీ నవ్వింది. మా వదినకి అంత నవ్వుందని నాకు ఆరోజే తెలిసింది.

అన్నయ్య సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, చూసి, కాళ్ళు కడుక్కుని, అన్నానికి కూర్చున్నాడు. తినడం అయ్యాక అన్నాడు. "టగ్గు మీంచి సూత్తే రేవులో తలకాయలన్నీ ఒక్కలాగే కనపడతాయి. ఇప్పుడు నువ్వెక్కడున్నావో తెలిసిపోద్ది." కట్టుకున్నవాడు చెప్పాల్సింది అంతే. దానితో ఆ ఇంట్లో ఆ సంగతి ముగిసింది.

కానీ ఊళ్ళో అప్పుడే మొదలయింది. ఏదో పెద్ద జబ్బు చేసిందన్నారు. మొగుడితో గొడవన్నారు. ఈ వయసులో ఆడవాళ్ళకి అలాగే మతి తప్పుతుందని, నా కౌంటరు ముందు నిలబడి, గవరయ్య అన్నాడు. ఆయన కొనుక్కోవడానికొచ్చింది ఏ రంగు ప్యాకెట్టో నేను వేరే చెప్పక్కర్లేదు. పులుసులో నీలం వెంట్రుక వస్తే ఎలా అని ఇంకొకడు. వస్తే ఎవరిదో వెంటనే తెలుస్తుంది కదా, నీకొచ్చిన నష్టమేంటని అడిగాను. అంతవరకూ నోటితో తేలిపోయే వ్యవహారమే. ఘటం దగ్గరికి వచ్చేసరికి అలా తేలలేదు.

హాడోలో మా వాళ్ళకి చిన్న గంగమ్మ గుడి ఉంది. ఏటా వానలు పట్టే ముందు జాతర చేస్తాం. పసుపు రాసిన కుండకి వేపరెమ్మలు కట్టి, పైన దీపం పెట్టి, ఆడవాళ్ళు తలమీద పెట్టుకుని వీధులన్నీ తిరుగుతారు. అదే ఘటం. దాన్ని ఎత్తుకున్న మనిషి ఆ రోజు ఊరు తిరిగే అమ్మే. మొదటి ఘటం మా ఇంటిది. మా అమ్మ తాయారమ్మ ఎత్తుకునేది, అమ్మ మోకాళ్ళు పోయాక కోడలైన వదినకి వచ్చింది. ఒక్క ఏడు ఆ ఇంటివాళ్ళు ఎత్తకపోతే మొదటి ఘటం ఇంకో ఇంటికి వెళ్ళిపోతుంది, మళ్ళీ తిరిగి రాదు. మా అమ్మ పోయే ముందు వదిన చేతులు పట్టుకుని చెప్పిన మాట అదొక్కటే, ఘటం వదలకమ్మా అని. వదినకి నగలంటే లెక్కలేదు, ఇల్లంటే లెక్కలేదు. ఆ ఘటం అంటే ప్రాణం.

ఈ ఏడు జాతర పది రోజుల్లో ఉందనగా గుడి కమిటీ వదినకి కబురు పెట్టింది. గుడి అరుగు మీద ఆరుగురు మగవాళ్ళు కూర్చున్నారు. మధ్యలో ప్రెసిడెంటు మోహన్‌కృష్ణ, కాంట్రాక్టులు చేస్తాడు, మనిషి మాట మెత్తన. వదినతో పాటు నేనూ వెళ్ళాను. నన్ను పిలవలేదు.

"భాభీ, బురా మత్ మాన్‌నా," అన్నాడు మోహన్‌కృష్ణ. "ఏటీ అనుకోకండి. అమ్మోరి ఘటం తలమీద పెట్టుకునే మనిషి మీరు. ఆ తల ఇలగుంటే నలుగురూ ఏమనుకుంటారు? జాతరకి నల్లరంగు ఏయించేసుకోండి, బస్, అంతే."

"ఏయించుకోను భయ్యా," అంది వదిన.

ఆయన విసుక్కోలేదు. ఆయన్ని చెడ్డవాడనను, నాకు ఇంకా ఒళ్ళు మండేది అందుకే. దారి కూడా ఆయనే చూపించాడు. "పోనీ మొక్కు అని సెప్పండి. అన్నయ్య సముద్రం మీద పనిచేస్తాడు కదా, ఆయన సల్లగుండాలని గంగమ్మకి నీలం జుట్టు మొక్కుకున్నానని సెప్పండి. మొక్కంటే ఎవరూ మాటాడరు. మేమే మైకులో సెప్తాం."

ఒక్క అబద్ధం చాలు. ఆ అబద్ధం చెప్తే జుట్టుంటుంది, ఘటమూ ఉంటుంది, పైగా పతివ్రత అని పేరు కూడా వస్తుంది. ఆ అరుగు మీద ఉన్న వాళ్ళందరూ హమ్మయ్య అన్నట్టు తలలూపారు. నేను కూడా వదిన వైపు చూశాను, ఒప్పేసుకో అని.

"మొక్కు కాదు భయ్యా," అంది వదిన. "ఇష్టం. నాకు నచ్చి ఏయించుకున్నాను. అమ్మోరి గుడిలో కూకుని అమ్మోరి పేరు మీద అబద్ధం ఎలగ సెప్పమంటారు?"

భర్త కోసమైతే నీలం పవిత్రం, తన కోసమైతే అపచారం. ఇదీ వాళ్ళ లెక్క. ఇంక నేనుండలేకపోయాను. లేచి గుడి తలుపు బార్లా తీసి, లోపలికి చెయ్యి చూపించాను.

"అమ్మోరి జుట్టు ఏ రంగో ఒకసారి సూసి సెప్పండి," అన్నాను.

ఆ విగ్రహం సిమెంటుది. సముద్రపు గాలికి రంగు ఊరికే పెచ్చులూడుతుంది, అందుకని ఏటా జాతరకి ముందు కొత్తగా వేస్తాం. మేమింకా పుట్టకముందు ఒకసారి వారాలపాటు సరుకుల ఓడ రాలేదు, బజార్లో నల్లరంగు దొరకలేదు. అప్పుడు రంగులు వేసే పని మా నాన్న వీరన్నది. చేపల పడవకి వేయగా మిగిలిన నీలం డబ్బాలో ఉంటే, దానితోనే అమ్మవారి జుట్టు దిద్దేశాడు. ఆ ఏడు తుపాను మా వైపు రాలేదు, వలలు నిండాయి. ఇంక మార్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అప్పట్నుంచి ఏటా మొదట రంగు పడిన పడవ ఎవరిదైతే వాళ్ళు మిగిలిన నీలాన్ని అమ్మవారి జుట్టుకి ఇస్తారు. దాని కోసం పడవలవాళ్ళు పోటీ పడతారు కూడా. ఆ అరుగు మీది ఆరుగురూ పుట్టినప్పట్నుంచీ మొక్కుతున్నది ఆ నీలం జుట్టుకే. అది వాళ్ళ కంటికి ఎప్పుడూ ఆనలేదు.

 మోహన్‌కృష్ణ లోపలికి చూసి, తల దించుకుని, ఆలోచించి చెప్తామన్నాడు. గెలిచామనుకుని నేను దారి పొడుగునా నవ్వుకుంటూ వచ్చాను.

వాళ్ళేం చేశారో తెలుసా? బోర్డులు రాసే పెయింటర్ని పిలిపించి, అమ్మవారి జుట్టుకి నల్లరంగు వేయించారు. వదిన మాట ఒప్పుకోవడం ఇష్టం లేక దేవతనే మార్చేశారు. అడిగితే, శాస్త్రం ప్రకారం నలుపే కరెక్టు, ఇన్నాళ్ళూ పొరపాటు జరిగిందన్నారు. మొదటి ఘటం మోహన్‌కృష్ణ కోడలు సుమకి ఇచ్చారు.  వదిన క్యాంటీన్‌లో ఎప్పటిలాగే పులుసు పోస్తూ, "నా మూలంగా అమ్మోరి జుట్టు పోయింది," అని ఒక్క మాట అంది. అంతవరకూ ఆమె కంట నీళ్ళు రాలేదు. అప్పుడు వచ్చాయి.

జాతర రోజు పొద్దున్న వదిన రానంది. నేనే బలవంతాన తీసుకెళ్ళాను. తలస్నానం చేసి, పసుపు చీర కట్టుకుని, గుడి గేటు బయట చూడ్డానికొచ్చిన జనంలో నిలబడింది. లోపల కుండలు వరసగా ఉన్నాయి. సుమ తలమీద గుడ్డ చుట్ట పెట్టుకుని నిలబడింది, పాపం ఆ పిల్ల ముఖంలో నెత్తురు లేదు.

ఘటాన్ని ఎవరికి వాళ్ళు ఎత్తుకోకూడదు. పెద్దావిడ ఒకరు అమ్మవారి ముఖం చూసి, సెలవు అడిగి, మొదటి ఘటాన్ని తన చేతులతో ఎత్తి తలమీద పెట్టాలి. అప్పుడే మిగతావి లేస్తాయి. ఆ చేతులు అప్పలకొండమ్మ మామ్మవి. నడుం వంగిపోయింది, మనిషి ఆసరా లేకుండా నడవలేదు. కమిటీ గొడవలేవీ ఆమెకి చెప్పినవాళ్ళు లేరు.

మామ్మ గడప దాటి లోపలికి వెళ్ళింది. చాలాసేపు చూసింది. బయటికొచ్చింది.

"ఎవులీవిడ?" అంది.

"అమ్మే మామ్మా, గంగమ్మ తల్లి," అన్నాడు మోహన్‌కృష్ణ.

"మాయమ్మకి నీలం జుట్టు. ఈవిణ్ణి నానెరగను," అంది మామ్మ. "ఎరగనమ్మకి ఘటం ఎత్తమంటే నా సేతులు లెగవు." అని అక్కడే కుండల పక్కన చతికిలబడింది.

డప్పులు ఆగిపోయాయి. మోహన్‌కృష్ణ వంగి శాస్త్రం గురించి చెప్పబోయాడు. మామ్మ వినలేదు. పడవలవాళ్ళు గుడి వైపు చూసి గొణగడం మొదలుపెట్టారు, మా పడవ రంగు ఎవరు తీసేశారని. ఎండ ఎక్కుతోంది. మొదటిది లేవకుండా ఏ కుండా లేవదు. అప్పుడు సుమ తల మీది గుడ్డ చుట్ట తీసి మామ్మ ఒళ్ళో పెట్టింది. మామగారి వైపు చూడలేదు.

"తాయారు కోడలు గుంట ఏదీ?" అంది మామ్మ. "ఈయేడు రానేదా?"

జనం పక్కకి తప్పుకున్నారు. వదిన కొంగు తీసేసి, విరబోసిన తడి జుట్టుతో లోపలికి వచ్చింది. మామ్మ ఆ జుట్టు చేతుల్లోకి తీసుకుంది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆ రంగు ఎందుకు వేయించుకున్నావని అడగలేదు.

"గుడి నోపల అమ్మకి తీసేసినారు," అంది. "ఊరు తిరిగే అమ్మకైనా ఉంది. వొంగు."

వదిన వంగింది. మామ్మ వణికే చేతులతో ఘటం ఎత్తి ఆ నీలం మీద పెట్టింది. డప్పులు మోగాయి. రేవు రోడ్డు పొడుగునా ఇళ్ళవాళ్ళు బిందెలతో పసుపు నీళ్ళు తెచ్చి వదిన కాళ్ళ మీద పోశారు. గవరయ్య కూడా పోశాడు.

మరుసటి వారమే పడవలవాళ్ళు నలుపు గీకి పారేసి మళ్ళీ నీలం వేశారు. మోహన్‌కృష్ణ మాత్రం, మన సంఘంలో ఆడవాళ్ళకి ఎంత స్వేచ్ఛ ఇస్తామో చూడండి, అని ప్రతివాళ్ళతో చెప్తున్నాడట. ఇచ్చాడట. నాకు చెప్పినవాళ్ళ ముందే నవ్వేశాను, కోపం పట్టలేక.

మొన్న ఆయన షాపుకి వచ్చాడు. అలవాటుగా నల్లరంగు ప్యాకెట్టు అడిగాడు. తీసి కౌంటరు మీద పెట్టాను, కానీ దాని మీంచి చెయ్యి తీయలేదు.

"ఎందుకు భయ్యా?" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. "ఎందుకేటి?" అన్నాడు.

"జుట్టుకి రంగెందుకని అడుగుతున్నాను. మొక్కా?"

వెనక ఇద్దరు ఆడవాళ్ళు గాజులు ఎంచుకుంటున్నారు. వాళ్ళ చేతులు ఆగాయి. ఆయన నా వైపు చూశాడు, ప్యాకెట్టు వైపు చూశాడు, గోడనున్న అద్దం వైపు చూశాడు. ఇష్టం అనే మాట నోటిదాకా వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. ఆ మాట అనేదాకా నేను చెయ్యి తీయలేదు.