బూటులో రాయి

మామగారు నడుస్తూ నడుస్తూ ఆగిపోతారు. "రాయి!" అంటారు. అరుగో మెట్టో ఏది దగ్గరుంటే దాని మీద చతికిలబడి, ఎడమకాలి బూటు విప్పి, బోర్లించి మూడుసార్లు దులుపుతారు. అందులోంచి రాయి రాలడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ముప్పై ఏళ్ళు చెప్పుల దుకాణం నడిపిన మనిషికి తన కాలికి సరిపడే జోడు దొరకలేదంటే లోకం నవ్వదా? నవ్వింది.

అందరికంటే ముందు అత్తగారు.

"ఊళ్ళో రాళ్ళన్నీ మీ బూటు అడ్రసు కనుక్కుని మరీ వస్తాయా?"

"వాటికి నేనంటే అభిమానమే."

ఓడ ప్రయాణం నాలుగో రోజున కొండమీది ఊళ్ళు చూడటానికి బయల్దేరారు. కూతురు అలల దెబ్బకు ఓడలోనే పడుకుని, అమ్మానాన్నలను అల్లుడికి అప్పగించింది. అల్లుడిది బస్సులకు టైమ్‌టేబుళ్ళు వేసే ఉద్యోగం. అర నిమిషం ఆలస్యమైతే అతనికి అన్నం సహించదు.

"రెండు ఊళ్ళు. సరిగ్గా నాలుగింటికి బస్సు కదులుతుంది, ఐదింటికి ఓడ. ఎవరి కోసమూ ఆగేది లేదు" అంది గైడమ్మ. అల్లుడు వాచీ చూసుకున్నాడు. తరువాత మామగారి బూటు చూశాడు.

మొదటి ఊళ్ళో తెల్లసున్నం గోడలు, నీలం కిటికీలు, రేకు డబ్బాల్లో ఎర్రపూలు. వాటికంటే ఎక్కువగా మెట్లు. నాలుగు మలుపుల్లో నాలుగు రాళ్ళు. ముగ్గురూ పైకి చేరేసరికి మిగతావాళ్ళు ఫొటోలు తీసుకుని దిగిపోతున్నారు.

రెండో ఊరు రోడ్డుకు దిగువన ఉంది. చౌరస్తాలో ఒక ముసలావిడ లేసు అల్లుతుంటే అత్తగారు అక్కడే బల్ల మీద స్థిరపడ్డారు. మగవాళ్ళిద్దరూ కోట బురుజు ఎక్కారు. నూట అరవై మెట్లు. అల్లుడు రొప్పుతూ పైకి వచ్చేసరికి మామగారు చేతులు కట్టుకుని సముద్రం చూస్తున్నారు.

"మామయ్యగారూ, రాయి?"

"ఎక్కడ?"

"మీ బూటులో. ఒక్కసారైనా ఆగలేదు మీరు!"

మామగారు కిందికి చూశారు. బల్ల మీద అత్తగారు పిడికెడంత కనిపిస్తున్నారు.

"నలభై మెట్లకోసారి కూర్చోవాలన్నాడు డాక్టరు, ఆవిడ గుండెకి. కూర్చోవే అంటే 'నాకేం రోగం?' అని ఇంకో పది మెట్లు ఎక్కుతుంది బాబూ. నన్ను తిట్టడానికైతే కూర్చుంటుంది."

అల్లుడు దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టుకున్నాడు.

బస్సు దగ్గరికి తొంభై మెట్లు ఎక్కాలి. నాలుగు కావడానికి ఐదు నిమిషాలుంది. నలభయ్యో మెట్టు మీద మామగారు ఆగారు.

"రాయి!"

"ఇప్పుడా! ఓడ పోతే ఆ రాళ్ళే వండుకు తినండి" అంటూ అత్తగారు పక్కన కూలబడ్డారు. తిట్టుకూ తిట్టుకూ మధ్య ఊపిరి అందడం లేదు.

"నిదానంగా దులపండి మామయ్యగారూ. ముప్పైసార్లు దులపండి" అని అల్లుడు పరుగందుకున్నాడు.

డ్రైవరు ఇంజను స్టార్టు చేసి ఉన్నాడు. అల్లుడు వెళ్ళి ఫుట్‌బోర్డు మీద, తలుపు పడకుండా, అడ్డంగా కూర్చుని బూటు విప్పాడు.

"ఏమైందండీ?" అంది గైడమ్మ.

"రాయి."

"లోపల కూర్చుని తీసుకోండి."

"లోపల రాలితే మళ్ళీ మీరే ఊడ్చుకోవాలి."

బూటులో చెయ్యి పెట్టి మూలమూలా వెతికాడు. లేసంతా ఊడదీసి మళ్ళీ మొదటినుంచి ఎక్కించాడు. వెనక సీట్లలోంచి కేకలు మొదలయ్యాయి. బస్సు ఆరు నిమిషాలు ఆగింది. అతని ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి.

మెట్ల మీంచి అత్తగారు ప్రత్యక్షమయ్యారు. అల్లుడి చేతిలో బూటు చూసి నుదురు కొట్టుకున్నారు.

"అయ్యో నా రాత! అల్లుడికీ అంటించారా ఈ జబ్బు!"

ఓడ అందింది.

మర్నాడు ఉదయం టిఫిను హాలు మూడంతస్తుల పైన. లిఫ్టు ముసలివాళ్ళకని అత్తగారు మెట్లు పట్టారు. అక్కడ మెత్తటి తివాచీ, కాళ్ళకు రబ్బరు చెప్పులు. మామగారు మొదటి మలుపులో ఆగారు. గోడకు ఒక చేప బొమ్మ ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని, దాని కింద రాసిందంతా అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, పైకి చదవడం మొదలుపెట్టారు.