కూర్మమ్మ ఉయ్యాలబల్ల ఎక్కిన రోజు

కాపురానికి వచ్చిన నాటినుంచి కూర్మమ్మ ఆ ఇంటి ఉయ్యాలబల్లని తుడిచింది, నూనె రాసింది, పండగలకి పసుపు కుంకం పెట్టింది. కూర్చోవడం మాత్రం కుదరలేదు. అది మామగారి చోటు. ఆయన పోయాక బావగారిది, ఆ తర్వాత మొగుడిది. మగవాళ్ల వంతులన్నీ అయ్యేసరికి ఇల్లే చేతులు మారింది. చికిటి దగ్గరి ఆ కర్ర ఇంటిని, చెక్కిన స్తంభాలతో, అటకలతో సహా, ఎవరో సంఘంవాళ్లు కొని జానపద మ్యూజియం చేశారు.

ఇప్పుడు బరంపురంలో కూతురి దగ్గర ఉంటున్న కూర్మమ్మ ఒక మధ్యాహ్నం బస్సెక్కి వచ్చి, కాపురం చేసిన ఇంట్లోకే టికెట్టు కొనుక్కుని అడుగుపెట్టింది. వచ్చిన పని ఒక్కటే. ఆ బల్ల మీద కూర్చుని ఊగాలి.

బల్ల ముందు అడ్డంగా తాడు. తాడు పక్కన కుర్చీలో కాపలా మనిషి సన్యాసిరావు.

"మావుసీ, తాడు దాటకూడదు. సూసి ఎల్లిపోవాలి."

"ఒడియాలో మావుసీ ఏటి? తెలుగోడివే కదా! నీ పెళ్లామెవరు బావూ?"

"సూరంగి అప్పయ్యగోరి కూతురు, దేముడమ్మ."

కూర్మమ్మ వేళ్ల మీద ఏదో లెక్క వేసింది. చటుక్కున చెంగు తలమీదికి లాక్కుని స్తంభం చాటుకు నక్కింది.

"ఎంత పనైపోనాది! అప్పయ్య మా ఆయనకి తమ్ముడి వరస. అంటే దేముడమ్మ నాకు కూతురు. అల్లుడుగోరూ, అత్త మీ ఎదటపడకూడదు. ఒకపాలి బయటికెల్లండి."

సన్యాసిరావు సొంత అత్తగారి గొంతు వినిపిస్తేనే దొడ్డిదారి పట్టే మనిషి. రెండో ఆలోచన లేకుండా లేచి, తల వంచుకుని అరుగు మీదికి పోయాడు.

కూర్మమ్మ తాడు కిందనుంచి దూరి బల్లెక్కింది. ఎదురుగా గోడ మీద ఫొటోలో మామగారు గుడ్లురుముతున్నారు. ఆయన వైపు తిరిగి, కాలు మీద కాలు వేసుకుంది. అంతా బాగానే ఉంది గానీ, బల్ల కదలదే! పొడుగాటి మగవాళ్ల కోసం వేలాడదీసిన బల్ల అది. ఆవిడ కాళ్లు నేలకి అందడం లేదు. ముందుకి వంగింది, వెనక్కి వాలింది, గాల్లో కాళ్లు ఆడించింది. గొలుసు కిర్రుమని ఊరుకుంది.

"అల్లుడుగోరూ!"

"సెప్పండత్తా," అరుగు మీదనుంచి వినయంగా వినిపించింది.

"మీ అమ్మదే ఊరు?"

"పాత్రపురం."

"మా అమ్మదీ అదే! ఆలిద్దరూ అక్కసెల్లెళ్ల వరస. అటునుంచి సూస్తే నువ్వు నాకు తమ్ముడివిరా! ఇలారా నాయనా, ఓ తోపు తొయ్యి."

సన్యాసిరావు గుమ్మంలో నిలబడి బుర్ర గోక్కున్నాడు. "మరి దేముడమ్మ నీకేటౌద్ది?"

"మరదలు. కూతురి సంగతి రేపు సూద్దాం."

అతను వీధివైపు ఒకసారి చూశాడు. ఎవరూ లేరు. తాడు విప్పేశాడు.

"తమ్ముణ్నైతే పక్కన కూకోవచ్చు కదే అప్పా? రోజూ దీని దుమ్ము దులపడమే గానీ, నేనూ ఎప్పుడూ ఎక్కనేదు. జరుగు."

కూర్మమ్మ జరిగింది. సన్యాసిరావు కూర్చుని కాలితో నేలని తన్నాడు.

"గట్టిగా," అంది కూర్మమ్మ.